రాజుల సినిమాల్లో కనపడని ఊరు

రాజుల మీద సినిమా వచ్చిన ప్రతిసారీ మన దగ్గర రెండు రకాల మాటలే వినపడతాయి. నచ్చినవాళ్లు సెట్టింగులు బాగున్నాయి, యుద్ధాలు బాగున్నాయి, హీరో గుర్రం మీద దర్జాగా ఉన్నాడంటారు. నచ్చనివాళ్లు గ్రాఫిక్స్ తేలిపోయాయి, రెండో సగం సాగదీశారంటారు. ఇద్దరూ మాట్లాడేది పనితనం గురించే. ఆ రాజు కాలంలో పొలం దున్నినవాడెవడు, గుడ్డ నేసినవాడెవడు, తోలు పని చేసినవాడి పేరు ఎక్కడైనా ఉందా, ఆ రాజు కులం గురించి ఆయన కాలపు రాళ్లు ఏం చెప్తున్నాయి? ఈ ప్రశ్నలు హాల్లోకి పోయేటప్పుడూ ఉండవు, బయటికి వచ్చేటప్పుడూ ఉండవు.

"సినిమా సినిమాయే గదా, చరిత్ర పాఠం కాదు గదా" అనేవాళ్లున్నారు. ఒప్పుకుందాం. కాని పోస్టరు మీద చరిత్ర అని వేసుకునేది వాళ్లే. చరిత్ర తీశాం కాబట్టి పన్ను మాఫీ చేయండని ప్రభుత్వాన్ని అడిగేదీ వాళ్లే. ఆ రాజు మావాడంటే మావాడని కులసంఘాలు బ్యానర్లు కట్టేది కూడా ఆ సినిమాల పుణ్యానే. ఇక మన పిల్లలకు శాతవాహనుల గురించి, కాకతీయుల గురించి తెలిసిందంతా తరగతి గదిలో నాలుగు పేరాలు, తెర మీద రెండున్నర గంటలు. ఏది మనసులో నిలుస్తుందో టీచర్లకు వేరే చెప్పాలా?

కథకుడు కొంత కల్పించుకుంటాడు. అది పెద్ద తప్పేమీ కాదు. మన ఫిర్యాదు వేరే. ఒక శాసనాన్ని ఎట్లా చదవాలో తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద శాసనాల్లో సాధారణంగా రెండు భాగాలుంటాయి. మొదటిది ప్రశస్తి, అంటే పొగడ్త. రాజు సింహం, రాజు సూర్యుడు, శత్రువుల భార్యల కన్నీళ్లు, ఇదంతా అందులో ఉంటుంది. రెండోది అసలు వ్యవహారం. ఏ ఊరు, ఎంత పొలం, ఎవరికిచ్చారు, ఏ పన్నులు వదిలేశారు, ఎవరు సాక్షి అన్నది ఇక్కడ ఉంటుంది. పొగడ్తను ఆస్థాన పండితుడు రాస్తాడు. వ్యవహారం ఊరితో పని కాబట్టి అక్కడ మనుషులు కనపడతారు. మన చారిత్రక సినిమాలు ఎప్పుడూ మొదటి భాగం దగ్గరే ఆగిపోతాయి. విచిత్రం ఏమిటంటే, ఆ పొగడ్తను కూడా పూర్తిగా చదవవు. అందులో కులం గురించి కుండబద్దలు కొట్టినట్టు ఉన్న మాటలను మెల్లగా పక్కకు తోసేస్తాయి.

'గౌతమీపుత్ర శాతకర్ణి' సంగతి చూద్దాం. 2017 జనవరి 12న విడుదలైంది. క్రిష్ దర్శకత్వం, బాలకృష్ణకు వందో సినిమా, తల్లి గౌతమిగా హేమమాలిని, భార్యగా శ్రియ. 2015 అక్టోబరులో అమరావతిలో కొత్త రాజధానికి శంకుస్థాపన జరిగిన తర్వాతి కాలం అది. తెలుగువాడు దేశాన్ని ఏకం చేశాడన్న మాట అప్పుడు గాలిలో ఉంది. సినిమా ఆ గాలికి తెరచాప ఎత్తింది. శాతకర్ణి చిన్న చిన్న రాజ్యాలను కలిపేస్తాడు, నహపాణుణ్ని గెలుస్తాడు, రాజసూయం చేస్తాడు, తల్లి పేరును తన పేరు ముందు పెట్టుకుంటాడు, చివరకు దేశం మీదికొచ్చిన గ్రీకు డిమిత్రియస్‌ను తరిమేస్తాడు. చరిత్రలో బాక్ట్రియా డిమిత్రియస్ క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం మొదటి రోజులవాడు. శాతకర్ణి క్రీస్తుశకం ఒకటి, రెండు శతాబ్దాలవాడు. ఇద్దరికీ మధ్య రెండున్నర శతాబ్దాలకు పైగా దూరం. సరే, ఇది కల్పన అనుకుందాం. దీనిమీద చాలామంది రాశారు, దాంతో మనకు పెద్ద పని లేదు.

మనకు పని నాసిక్ గుట్ట మీద ఉంది. శాతకర్ణి గొప్పతనం గురించి మనకు తెలిసిందంతా ప్రధానంగా అక్కడి మూడో గుహలోని ఒకే ఒక్క శాసనం నుంచి వచ్చింది. ఆయన చనిపోయాక, కొడుకు వాసిష్ఠీపుత్ర పులుమావి పాలనలో 19వ ఏట తల్లి గౌతమీ బాలశ్రీ వేయించింది. ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో ఉంది. మూడు సముద్రాల నీళ్లు తాగిన గుర్రాలు అన్న ప్రఖ్యాతమైన మాట అక్కడిదే. శక యవన పహ్లవులను నాశనం చేసినవాడన్నదీ అక్కడిదే. ఆయన ఏలిన దేశాల జాబితా కూడా ఉంది: అసిక, అసక, ములక, సురథ, కుకుర, అపరాంత, అనూప, విదర్భ, ఆకర, అవంతి. ఆ జాబితాలో ఆంధ్ర అన్న పేరు లేదు. దాన్నిబట్టి ఆయన ఇక్కడ ఏలలేదని తేల్చెయ్యలేం గాని, తెలుగు ఆత్మగౌరవం మొత్తాన్ని ఆ రాతి మీద నిలబెట్టాలనుకునేవాళ్లు ముందు ఆ రాయి చదివి ఉంటే బాగుండేది.

ఇప్పుడు అసలు మాటకొద్దాం. అదే శాసనం శాతకర్ణిని ఏకబ్రాహ్మణుడంటుంది, అంటే సాటిలేని బ్రాహ్మణుడని. క్షత్రియుల దర్పాన్ని, మానాన్ని అణచినవాడంటుంది. నాలుగు వర్ణాలు కలిసిపోకుండా ఆపినవాడంటుంది. చదువరులు ఈ మూడో మాట దగ్గర కాసేపు ఆగాలి. వర్ణసంకరాన్ని ఆపాడని ఒక రాజును రాతి మీద పొగిడారంటే, ఆనాటి సమాజంలో వర్ణాలు బాగానే కలుస్తున్నాయన్న మాట. లేనిదాన్ని ఎవరూ ఆపరు గదా. శకులతో, యవనులతో, కొత్తగా డబ్బు చూసిన చేతివృత్తులవాళ్లతో గీతలు చెరిగిపోతున్నాయి. వాటిని మళ్లీ గీసినవాడు కాబట్టి ఈయన గొప్పవాడట! ఇది చిన్న విషయమా? ఎవరెవరి పెళ్లిళ్లు ఆగాయి? ఎవరిని ఎక్కడికి నెట్టారు? ఒక దర్శకుడికి దీనికంటే పెద్ద నాటకం ఎక్కడ దొరుకుతుంది? సినిమా ఈ ప్రశ్న జోలికే పోలేదు. రాజసూయం మాత్రం తెర నిండా ఉంది.

తల్లి పేరు పెట్టుకున్న ఘట్టం సినిమాకు గుండెకాయ. స్త్రీని గౌరవించాడని చాలామంది మెచ్చుకున్నారు. కాని తల్లి గోత్రాన్నిబట్టి పేరు చెప్పుకోవడం ఆ కాలపు రాజకుటుంబాల్లో మామూలు. ఆయన కొడుకు వాసిష్ఠీపుత్రుడు. ఆ తర్వాత నాగార్జునకొండ ఇక్ష్వాకుల్లో వాసిష్ఠీపుత్ర చాంతమూలుడున్నాడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడున్నాడు. గౌతమి, వాసిష్ఠి, మాఠరి అన్నీ వైదిక గోత్రాల పేర్ల నుంచి వచ్చినవే. అంటే తల్లి పేరు వెనక కూడా కులం చెప్పుకోవడమే ఉంది. దాన్ని స్త్రీ విముక్తిగా చూపించడం సినిమావాళ్ల తెలివి, మనం చప్పట్లు కొట్టడం మన అమాయకత్వం.

ఇక ఆ శాసనం రెండో భాగం. ఇంత బ్రాహ్మణ పొగడ్త చెక్కించిన ఆ తల్లి దానం ఇచ్చింది ఎవరికి? బౌద్ధ భిక్షువులకు! భద్రయానీయులనే శాఖవాళ్లకు ఆ గుహను ఇచ్చింది. వాళ్ల ఖర్చులకు ఒక ఊరి ఆదాయం ఇచ్చారు. పొగడ్తలో వర్ణధర్మం, దానంలో బుద్ధుడు. ఈ రెండూ ఒకే గోడ మీద ఎట్లా ఇమిడాయన్నది తల పగలగొట్టుకోవలసిన ప్రశ్న. రాజులు బౌద్ధాన్ని ఎందుకు పోషించారు, వర్తకులు, వృత్తులవాళ్లు అటుపోతున్నారనా, భయమా, భక్తా? ఈ ప్రశ్న లేని శాతవాహన సినిమా ఎన్ని కోట్లు పెట్టి తీసినా ఉప్పులేని కూరే.

అదే గుహలో శాతకర్ణి స్వయంగా వేయించిన మరో రెండు శాసనాలున్నాయి. నా దృష్టిలో ఆ పెద్ద ప్రశస్తి కంటే ఇవే విలువైనవి. తన పాలన 18వ ఏట, యుద్ధం గెలిచిన ఊపులో, అంతకుముందు ఉషవదాతుడి కింద ఉన్న 200 నివర్తనాల పొలాన్ని భిక్షువులకిచ్చాడు. ఉషవదాతుడంటే శత్రువు నహపాణుడి అల్లుడు. నివర్తనం ఆనాటి భూమి కొలత. ఆ దానంతో కొన్ని మినహాయింపులు కూడా రాశారు. ఆ పొలంలోకి రాజు మనుషులు అడుగు పెట్టకూడదు, ముట్టకూడదు, ఉప్పు కోసం తవ్వకూడదు అని. దీన్ని తిరగేసి చదవండి. దానంలో లేని మిగతా ఊళ్లన్నింట్లోకి రాజు మనుషులు అడుగు పెట్టేవాళ్లు, ముట్టేవాళ్లు, తవ్వేవాళ్లు. ఆ మినహాయింపుల జాబితాయే మామూలు రైతు బతుకుకు అద్దం.

ఆరేళ్ల తర్వాత, 24వ ఏట, మళ్లీ ఒక శాసనం. భిక్షువులకిచ్చిన పొలం దున్నడం లేదు, ఆ ఊళ్లో జనం లేరు, కాబట్టి దానికి బదులు నగరం పొలిమేరలో 100 నివర్తనాల రాజుభూమి ఇస్తున్నాం అని. ఊళ్లో జనం లేరు! ఎక్కడికి పోయారు? యుద్ధంలో పోయారా, పన్నులకు భయపడి పోయారా, కరువుకు పోయారా? రాయి చెప్పలేదు. గెలిచిన రాజు చేతికొచ్చిన ఊరు ఆరేళ్లు తిరిగేసరికి పాడుబడిందని మాత్రం రాజు తానే ఒప్పుకొని చెక్కించాడు. సినిమాలో గెలుపు తర్వాత జయజయధ్వానాలు వినపడతాయి. రాతి మీద గెలుపు తర్వాత ఒక ఖాళీ ఊరుంది. ఆ ఊరి మీద ఒక్క సన్నివేశం తీసి ఉంటే ఆ సినిమాను మనం పదికాలాలు చెప్పుకునేవాళ్లం.

శత్రువు వైపు కూడా చూడండి. ఉషవదాతుడి నాసిక్ శాసనం ఒకటి గోవర్ధనంలోని సాలెవాళ్ల శ్రేణుల గురించి చెప్తుంది. శ్రేణి అంటే వృత్తిపనివాళ్ల సంఘం. ఒక శ్రేణి దగ్గర 2000 కార్షాపణాలు నెలకు నూటికి ఒకటి వడ్డీకి, ఇంకో శ్రేణి దగ్గర 1000 కార్షాపణాలు నెలకు నూటికి ముప్పావు వడ్డీకి పెట్టాడు. ఆ వడ్డీతో భిక్షువులకు బట్టలు, ఇతర ఖర్చులు. రాజు అల్లుడు డబ్బు దాచుకోవడానికి సాలెవాళ్ల సంఘాన్ని నమ్మాడన్న మాట. అదే గుట్టమీద దత్తామిత్రి నుంచి వచ్చిన ఇంద్రాగ్నిదత్తుడనే యవనుడు కూడా ఒక గుహ తొలిపించాడు. సినిమాలో యవనుడు కత్తితో వస్తాడు, గుట్టమీది యవనుడు దానం చేయడానికి వచ్చాడు.

మన అమరావతి స్తూపానికొస్తే ఇంకా దగ్గరి మనిషి దొరుకుతాడు. అక్కడ పూర్ణఘటం చెక్కిన ఒక పలక మీద దాత పేరుంది: విధికుడు, చర్మకారుడు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకునని చెప్పుకున్నాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి దానం ఇచ్చానన్నాడు. తోలు పని చేసేవాడి తండ్రి ఉపాధ్యాయుడు! తన వృత్తిని దాచుకోకుండా, తలెత్తి, స్తూపం మీద పేరు చెక్కించుకున్నాడు. వర్ణసంకరాన్ని ఆపామని రాజులు చెప్పుకున్న కాలానికి కాస్త అటూ ఇటూగా కృష్ణ ఒడ్డున ఇట్లాంటి కుటుంబం ఒకటి బతికింది. అమరావతి పేరు మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నాం, ఎన్ని సభలు చూశాం? విధికుడి పేరు ఎవరైనా ఎత్తారా?

పన్ను మాఫీ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 'గౌతమీపుత్ర శాతకర్ణి'కి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు ప్రభుత్వాలూ వినోదపు పన్ను మినహాయించాయి. అంతకుముందు 2015లో 'రుద్రమదేవి'కి తెలంగాణ ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఇవ్వలేదు. దాని దర్శకుడు గుణశేఖర్ ఆ తేడాను బహిరంగంగానే అడిగాడు. వినోదపు పన్ను ప్రేక్షకుడి టికెట్టు మీద వచ్చే ప్రజల డబ్బు. రాజులు బ్రాహ్మలకు, గుళ్లకు పన్నులేని భూములిచ్చి సర్వమాన్యం అని రాసేవాళ్లు. ఇప్పుడు రాజుల సినిమాలకు సర్వమాన్యం! ప్రశస్తి రాసినవాడికి ఈనాం దొరకడం పాత ఆచారమే గదా. 2017 జులైలో జీఎస్టీ వచ్చి ఆ పన్నే పోయింది గాని, ఆ అలవాటు వెనక ఉన్న మనసు ఎక్కడికీ పోలేదు.

'రుద్రమదేవి' దగ్గర మన నిరాశ కొంచెం వేరు. 2015 అక్టోబరు 9న వచ్చింది. ఆడపిల్లను మగపిల్లాడిగా పెంచడం, గుట్టు బయటపడ్డాక ఆడది ఏలుతుందా అని సామంతులు తిరగబడడం, విషయం నిజంగా బలమైనది. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. మగ పేరు, మగ బిరుదు. అధికారం కోసం ఒక స్త్రీ తన పేరునే దాచుకోవలసి వచ్చిందన్నది సినిమా పట్టుకుంది, అందుకు మెచ్చుకోవాలి. అనుష్క కూడా ప్రాణం పెట్టింది. కాని కథ నడుస్తుండగానే గోన గన్నారెడ్డి వచ్చి తెలంగాణ యాసలో నాలుగు డైలాగులు చెప్పి హాలును ఎత్తుకుపోతాడు. రాణి సినిమాలో కూడా ఈలలు మగ హీరోకే పడ్డాయి.

అయితే కాకతీయుల కులం సంగతి ఏమైంది? గణపతిదేవుని సేనాని మల్యాల గుండ వేయించిన బూదపూరు, వడ్డమాను శాసనాలు కాకతీయులను నాలుగో వర్ణంవాళ్లుగానే చెప్తాయి. దుర్జయ వంశం, చతుర్థకులం అన్న మాటల్లో వాళ్లకు నామోషీ కనపడలేదు. ఇంకోపక్క గణపతిదేవుని మోటుపల్లి శాసనంలాంటి కొన్ని చోట్ల అదే వంశం సూర్యవంశమైపోయింది. ఒకే రాజుకు రెండు పుట్టుకలు! సొంత సేనాని దగ్గర శూద్రుడు, పరదేశం వర్తకులు చదివే రేవు శాసనంలో సూర్యవంశీయుడు. ఆనాటి తెలుగునేలలో చాలామంది దాతలు వర్ణం పేరు చెప్పుకోకుండా నాయకుడు, సెట్టి, బోయ అని తమ హోదాతోనే చెప్పుకున్నారు. శూద్రులు రాజ్యం చేయగలిగిన నేల ఇది. ఆ రాజ్యంలో అతిశూద్రుడి స్థానం ఏమిటన్నది తర్వాతి ప్రశ్న, అది అంత సుఖమైన ప్రశ్న కాదు. సినిమా మొదటి ప్రశ్ననే అడగలేదు. అదే 2015లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల పూడికతీతకు 'మిషన్ కాకతీయ' అని పేరు పెట్టింది. చెరువు కట్టించిన రాజు పేరు అందరికీ తెలుసు. తూము తీసి మడికి నీళ్లు వదిలిన నీరటికాడు చాలా ఊళ్లలో దళితుడే. వాడు ఏ సినిమాలోనూ పాత్ర కాలేదు.

రుద్రమ చావు గురించి కూడా ఒక మాట. సినిమా దేవగిరి మీద గెలుపుతో ముగుస్తుంది. చరిత్రలో ఆమె ముగింపు అది కాదు. ఆమె తన సామంతుడే అయిన కాయస్థ అంబదేవుడితో పోరులో చనిపోయిందని చరిత్రకారులు భావిస్తున్నారు. ఆ చావు ఎప్పుడు జరిగిందో మనకు తెలిపింది ఏ ఆస్థాన కవీ కాదు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో 1289 నవంబరు నాటి ఒక చిన్న శాసనం ఉంది. పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు, చనిపోయిన రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం రావాలని గుడికి కొంత భూమి ఇచ్చాడు. అంత పెద్ద రాణి చనిపోతే గుర్తుపెట్టుకొని రాయి పాతినవాడు ఒక బంటు. ఆ బంటు కంటితో ఆ చివరి యుద్ధాన్ని చూపించే సినిమా ఎవరైనా తీస్తారేమోనని ఎదురుచూస్తున్నాం.

ఇప్పటిదాకా చెప్పినవి పట్టించుకోకపోవడం వల్ల జరిగిన లోపాలు. ఉన్న మనిషిని కథ నుంచి కోసెయ్యడం ఇంకో రకం. 2025 ఫిబ్రవరిలో వచ్చిన హిందీ సినిమా 'ఛావా' మార్చిలో తెలుగులోకి కూడా దిగింది. మన హాళ్లలో కూడా జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. శివాజీ కొడుకు శంభాజీని ఔరంగజేబు చిత్రహింసలు పెట్టి చంపించడం అందులో చాలాసేపు చూపించారు. సినిమా ఆ చావుతో ఆగిపోతుంది. పుణె జిల్లా వఢూ బుద్రుక్ గ్రామంలో దళితులు తరతరాలుగా చెప్పుకునేది ఆ తర్వాతి కథ. చక్రవర్తికి భయపడి ఎవరూ ముట్టని ఆ శవం ముక్కలను గోవింద్ గోపాల్ అనే మహారు ఏరి దహనం చేశాడని. ఆ పేరు మీద అక్కడ సమాధి ఉంది. ఇంకో పక్షం ఇది ఒప్పుకోదు, ఆ పని చేసింది తమ పూర్వీకులంటుంది. 2017 డిసెంబరు చివర అక్కడ పెట్టిన బోర్డు మీద గొడవయింది, సమాధి మీది కప్పును పాడుచేశారు. రెండుమూడు రోజులకే, 2018 జనవరి 1న, దగ్గర్లోని భీమా కోరేగావ్‌లో హింస జరిగింది. శవాన్ని ముట్టినవాడి కులం మీద నేటికీ కొట్లాట జరుగుతుంటే, ఏ పక్షం మాటా చెప్పకుండా తెర దించేయడం ఎంత సులువు!

కోసెయ్యకుండా ఉంచి చిన్నవాణ్ని చేయడం మూడో రకం. 'బాహుబలి' చరిత్ర కాదు, దర్శకుడు కూడా అట్లా అనలేదు. కాని ఆ రెండు భాగాల్లో జనం గుండెల్లో నిలిచింది ఎవరు? కట్టప్ప. తరతరాలుగా సింహాసనానికి కట్టుబానిస. ఇంత బలమున్నవాడు, ఇంత తెలివున్నవాడు ఒక్కసారైనా ఈ బానిసత్వం నాకెందుకని అడగడు. ఆ ప్రశ్న రాకపోవడమే అతని గొప్పతనంగా చూపించారు. ఈ అచ్చుకు మూలం మన సినిమాల్లో చాలా పాతది.

పల్నాటి యుద్ధం మీద తెలుగులో రెండు సినిమాలొచ్చాయి. మొదటిది 1947లో. 1938లో 'మాలపిల్ల' తీసిన గూడవల్లి రామబ్రహ్మం దాన్ని మొదలుపెట్టి, మధ్యలోనే చనిపోతే ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశాడు. బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావు, నాగమ్మగా కన్నాంబ. రెండోది 1966లో, ఎన్.టి. రామారావు, భానుమతి. పనితనం చూస్తే ఇప్పటి గ్రాఫిక్స్ సినిమాల కంటే ఇవి ఎంతో మేలు. మాట ఉంది, నటన ఉంది, కులం అన్న మాట పలకడానికి భయం లేదు. బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులాలను ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టడం, మాల కన్నమదాసును కొడుకులా చూసి సేనాపతిని చేయడం కథకు మూలస్తంభాలు. పన్నెండో శతాబ్దంలో ఇది మామూలు సంగతి కాదు.

కాని ఎవరి కథగా చెప్పారన్నదే ప్రశ్న. సినిమాలో చాపకూడు బ్రహ్మనాయుడి ఔదార్యం. కన్నమదాసు ఆ ఔదార్యానికి బతికున్న సాక్ష్యం. పక్కన కూర్చున్నందుకు కన్నమ కృతజ్ఞుడు, యుద్ధంలో నమ్మకస్తుడు. ఆ చాప మీద మొదటిరోజు కూర్చున్నప్పుడు అతనికి ఏమనిపించింది? వాడలో వాళ్లు ఏమన్నారు? మాల సేనాపతి కింద కత్తి పట్టడానికి మిగతా కులాల బంట్లు నిజంగా ఒప్పుకున్నారా? చాపకూడు మీద వచ్చిన కోపం ఆ యుద్ధానికి ఎంత కారణం, కోడిపందెం ఎంత కారణం? సినిమాలు కోడిపందేన్ని, నాగమ్మ కుట్రను పెద్దవి చేశాయి. కులం మీది పోరు కాస్తా ఒక ఆడదాని పగగా మారింది. ఆలోచిస్తే ఇది రెండువైపుల అన్యాయం. మంత్రిత్వం చేసిన ఒక స్త్రీ రాక్షసి అయింది, సేనాపతి అయిన ఒక మాల సేవకుడయ్యాడు. కన్నమను తెరమీద మెచ్చుకొని కన్నీళ్లు కార్చిన కోస్తా పల్లెల్లోనే 1985 జులైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు జరిగాయి. ఆ ఊళ్లలో ఎవరూ పల్నాటి కథ వినలేదని అనుకోలేం.

ఈ కథను ఎనిమిది వందల ఏళ్లు బతికించింది ఎవరో తెలిస్తే సినిమాల లోటు ఇంకా బాగా తెలుస్తుంది. శ్రీనాథుడి ద్విపద పండితులకు తెలుసు. ఊళ్లలో పాడినవాళ్లు వీరవిద్యావంతులు. పల్నాట వాళ్లు మాలలు. అమెరికా పరిశోధకుడు జీన్ రోగైర్ ఈ పాటను అలిసెట్టి గాలేయ్య నోటివెంట విని రికార్డు చేసి, 1982లో పుస్తకంగా వేశాడు. ఒక దళిత గాయకుడి జ్ఞాపకంలో అంత పెద్ద కథ రాత్రుల తరబడి పాడేంత ఉంది. సినిమావాళ్లు ఆ గాయకుల దగ్గర కూర్చుని ఉంటే కన్నమదాసు ఇంకో ఎత్తులో కనపడేవాడు. పాడేవాడు తనవాణ్ని ఎవరి పక్కనో నిలబడ్డ మనిషిగా పాడడు గదా.

మన విద్యార్థి సంఘాలవాళ్లు, టీచర్లు చేయదగ్గ పని ఒకటుంది. గుంటూరు సీమవాళ్లకు మరీ దగ్గర. కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీర్లగుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్యకు అయిదు రోజుల ఉత్సవం: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పల్నాటి వీరుల ఆయుధాలను వాళ్ల వంశీకులమని చెప్పుకునేవాళ్లు అక్కడికి తెస్తారు. కన్నమదాసుకూ అక్కడ పూజ ఉంది. విద్యావంతులు పాడతారు. నోటుబుక్కులు పట్టుకొని పోండి. ఏ పాట ఎవరు పాడారు, సినిమాలో లేని ఏ ముక్క పాటలో ఉంది, కన్నమ వంతు వచ్చినప్పుడు వినేవాళ్ల మొహాలు ఎట్లా ఉన్నాయి, రాసుకోండి. మందపోరు రోజున చాపకూడు పెడతారు. ఆ చాప మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో కూడా రాసుకోండి.